పూర్తి మార్కుల అమ్మాయి

ఫెలీషియా డే అమెరికాలో నటి. కంప్యూటర్ గేములు ఆడేవాళ్లకు, ఇంటర్నెట్ వీడియోలను తొలినాళ్ల నుంచీ చూస్తున్నవాళ్లకు బాగా తెలిసిన మనిషి. గుంటూరులో ముప్పయ్యేళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన నాబోటివాడికి ఆవిడ సంగతి తెలిసే దారే లేదు. నేను ఆడిన ఆఖరి ఆట చదరంగం, అదీ పెళ్లికి ముందు. అలాంటిది ఆవిడ స్వీయకథ చదువుతుంటే సగం పుస్తకం మా స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని రాసినట్టే అనిపించింది.

పుస్తకం పేరు ‘యూ ఆర్ నెవర్ వియర్డ్ ఆన్ ది ఇంటర్నెట్, ఆల్మోస్ట్’. ఇంటర్నెట్‌లో ఎవరూ వింతమనుషులు కారు, దాదాపుగా, అని. 2015 ఆగస్టులో వచ్చింది. నాకు తెచ్చి ఇచ్చింది పాత శిష్యుడొకడు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉద్యోగం వాడికి. సంక్రాంతికి వచ్చినప్పుడు చేతిలో పెట్టి, “మాస్టారూ, ఈవిడ మా ఊరి యూనివర్సిటీలోనే లెక్కలు చదివింది. చూడండి, మీకు పనికొస్తుంది” అన్నాడు. నటి లెక్కలు చదవడమేమిటన్న కుతూహలంతోనే తెరిచాను. వాడు ‘నచ్చుతుంది’ అనకుండా ‘పనికొస్తుంది’ అని ఎందుకన్నాడో చదివాక తెలిసింది.

యూట్యూబు వాళ్లు రాసే పుస్తకాలంటే నాకు ఒక అంచనా ఉండేది. నాలుగు ఫొటోలు, పది సూక్తులు, ‘మీ కలలను నమ్మండి’ అని ఒక ముగింపు. ఇందులో ఫొటోలున్నాయి, జోకులైతే మరీ ఎక్కువున్నాయి. కానీ వాటి కింద నడిచే కథ వేరు. తన విలువ ఎంతో చెప్పే అంకె కోసం ఎప్పుడూ ఎవరివైపో చూసే ఒక తెలివైన పిల్ల కథ అది. ఆ పిల్ల నాకు కొత్త కాదు. ఏటా మొదటి బెంచీలో కూర్చునేది.

బడికి పోని బాల్యం

ఫెలీషియా 1979లో అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌లో పుట్టింది. తండ్రి సైన్యంలో డాక్టరు. బదిలీల మీద బదిలీలు, దక్షిణాది రాష్ట్రాల్లో ఊరూరూ తిరిగారు. ఆమెకూ, తమ్ముడికీ చదువు చాలావరకు ఇంట్లోనే. అమెరికాలో దాన్ని హోమ్‌స్కూలింగ్ అంటారు. బడికి పంపకుండా తల్లిదండ్రులే చదువు చెప్పుకోవడం అక్కడ చట్టబద్ధం. అయితే వీళ్లింట్లో టైంటేబులు, సిలబసు పెద్దగా లేవు. పాటకు, డాన్సుకు, వయొలిన్‌కు తల్లి తిప్పేది. మిగతా పొద్దంతా పిల్లలు తమకు తోచింది చదువుకున్నారు.

ఆ పిల్లకు తోచింది పెర్రీ మేసన్. ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ రాసిన ఆ లాయరు నవలలు వరసపెట్టి చదివేసిందట. అక్కడే పుస్తకం నన్ను మొదటిసారి పట్టుకుంది. మా రోజుల్లో డిగ్రీ చదివే కుర్రాళ్లకు ఇంగ్లీషు నేర్పింది ఎవరనుకున్నారు? కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ తెలుగులో అపరాధ పరిశోధన మీద మోజు పెంచితే, స్టేషన్‌లో హిగ్గిన్‌బాథమ్స్ స్టాలులో దొరికే పెర్రీ మేసన్ ఇంగ్లీషు పెంచాడు. అమెరికా దక్షిణాదిలో బడికెళ్లని పిల్లా, తెనాలి ప్యాసింజర్‌లో కిటికీ పక్క సీటు పట్టుకున్న నేనూ ఒకే కోర్టు హాల్లో కూర్చున్నామన్నమాట.

ఇంట్లో చదువుకోవడంలో ఒక చిక్కుంది. తోటి పిల్లలుండరు. తాను మామూలుగా ఉన్నానో లేదో కొలుచుకోవడానికి పక్కన ఎవరూ లేరు. 1990ల మొదట్లో కంప్యూటర్‌ను టెలిఫోన్ తీగకు తగిలిస్తే దూరాన ఉన్నవాళ్లతో రాతలో మాట్లాడుకునే సౌకర్యం అమెరికా ఇళ్లలో విస్తరిస్తోంది. ‘అల్టిమా’ అనే గేము అభిమానుల బృందం ఆమెకు అలాగే దొరికింది. మొహం తెలియని ఆ జనం తన మొదటి స్నేహితులని ఆమె రాస్తుంది. అప్పటి డైరీ పేజీలు, రాసిన కవితలు కూడా సిగ్గుపడకుండా పుస్తకంలో అచ్చువేసింది. ఆ వయసు కవితలు ఏ దేశంలోనైనా ఒకేలా ఉంటాయి. మా ఇంటి అటక మీదా ఒక నోటుపుస్తకం ఉంది, దాన్ని అచ్చువేసే ధైర్యం మాత్రం నాకు లేదు.

4.0 అనే అంకె

పదహారేళ్లకే ఆమెకు యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో సీటొచ్చింది. వయొలిన్ మీద పూర్తి స్కాలర్‌షిప్. సంగీతం, గణితం రెండూ ప్రధాన సబ్జెక్టులుగా తీసుకుంది. క్లాసులో కూర్చోవడం పెద్దగా ఎరగని పిల్ల తిన్నగా వేలమంది చదివే ప్రాంగణంలో పడింది. అక్కడ ఆమెకు మొదటిసారి కొలబద్ద దొరికింది. దాని పేరు జీపీఏ.

ఈ లెక్క కొంచెం చెప్పాలి. అమెరికా కాలేజీల్లో సబ్జెక్టు సబ్జెక్టుకూ గ్రేడు ఇస్తారు. ఏ వస్తే 4 పాయింట్లు, బి వస్తే 3. అన్నిటి సగటు జీపీఏ. అన్నింటిలోనూ ఏ తెచ్చుకుంటే 4.0. సమాన బరువున్న 40 సబ్జెక్టుల్లో 39 ఏలు, ఒకే ఒక్క బి వచ్చాయనుకోండి. సగటు 3.975. ఆ తర్వాత ఎన్ని సబ్జెక్టులు చదివి ఎన్ని ఏలు తెచ్చుకున్నా అది 4కి దగ్గరవుతూ పోతుంది తప్ప 4 కాదు. ఇంటర్ ఫస్టియర్‌లో మేం చెప్పే అవధుల పాఠం ఇదే. ఒక్క బి చాలు, గమ్యం జన్మలో అందదు. కాబట్టి 4.0 కావాలనుకున్న పిల్ల ప్రతి పరీక్షకూ మొదటిసారి పరీక్ష రాస్తున్నంత భయంతోనే వెళ్లాలి. ఎంత సంపాదించినా అది ఆమె సొంతం కాదు, తర్వాతి పరీక్ష దాకా ఆమె దగ్గర దాచినదే.

ఫెలీషియా ఆ భయంతోనే చదివింది. నిద్ర తగ్గించుకుంది, ఒళ్లు పాడుచేసుకుంది, గ్రేడు జారుతుందేమోనని వణికింది. చివరికి సాధించింది. ఆ తర్వాత ఆ 4.0 ఎవరికీ అక్కరలేకపోయిందని తేల్చేస్తుంది. సినిమా ఆడిషన్లలో జీపీఏ ఎవరడుగుతారు?

నేను పాఠం చెప్పిన రోజుల్లో మన ఎంపీసీ పిల్లలకు మొత్తం మార్కులు 1000. ఫస్టియర్‌లో 470, సెకండియర్‌లో 530. లెక్కల పేపరు ఒక్కోటీ 75. ఫస్టియర్ ఎ, బి రెండూ కలిపి 150కి 148 వచ్చిన పిల్ల రిజల్ట్స్ రోజున స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడి ఏడవడం నేను చాలాసార్లు చూశాను. పక్కన తండ్రి ఉంటాడు. కోపిష్టి కూడా కాడు. మెల్లగా, మర్యాదగా అడుగుతాడు: “ఆ రెండు మార్కులు ఎక్కడ పోయాయి సార్?” 148 ఎక్కడి నుంచి వచ్చాయని అడిగిన తండ్రి నాకు తగల్లేదు.

మన పిల్లలకు దీనిపైన ఎంసెట్ ర్యాంకు ఒకటి. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు. మార్కు కన్నా ర్యాంకు ఇంకా పాడుది. మార్కు నువ్వు రాసినదాన్ని బట్టి వస్తుంది, ర్యాంకు పక్కవాడు రాసినదాన్ని బట్టి మారుతుంది. ఫెలీషియా పడిన బాధకు పక్కవాడి తోడు కూడా చేర్చుకుంటే మన కార్పొరేట్ హాస్టలు గది అవుతుంది.

60వ మెట్టు మీద

డిగ్రీ కాగానే ఆమె లాస్ ఏంజిలస్ చేరింది. వ్యాపార ప్రకటనలు, టీవీలో చిన్న చిన్న వేషాలు. 2003లో ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’ అనే పేరున్న సీరియల్ చివరి సీజన్‌లో వై అనే అమ్మాయి వేషం దొరికింది. మిగతావన్నీ వింత సెక్రటరీ, పిల్లుల్ని పెంచుకునే ఒంటరి ఆడమనిషి లాంటివి. నటుల జీవితంలో పని కన్నా ఎదురుచూపే ఎక్కువ. పొద్దున లేస్తే ఏం చదవాలో, ఎన్ని మార్కులు వచ్చాయో చెప్పేవాళ్లు లేరు. కాలేజీ రోజులన్నీ అంకెతో బతికిన మనిషికి అంకె లేకుండా పోయింది.

ఆ ఖాళీలోకి వచ్చింది ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’. బ్లిజార్డ్ కంపెనీ 2004 నవంబరులో విడుదల చేసిన ఆన్‌లైన్ గేము. ఆడనివాళ్ల కోసం చెబుతాను. అదొక ఊహాలోకం. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని, వేలమంది ఒకేసారి అందులో తిరుగుతారు. ఒక్కొక్కరికి ఒక బొమ్మమనిషి. ఆ బొమ్మ ఒకటో మెట్టు మీద మొదలవుతుంది. తోడేలును కొడితే కొన్ని పాయింట్లు, అప్పగించిన పని చేసుకొస్తే మరికొన్ని. పాయింట్లు నిండితే రెండో మెట్టు. అప్పట్లో పై మెట్టు 60. 2007 జనవరిలో దాన్ని 70 చేశారు. కష్టమైన పనులు ఒంటరిగా కావు కాబట్టి ఆటగాళ్లు జట్లు కడతారు, ఆ జట్టును గిల్డ్ అంటారు.

ఆమె తమ్ముడితో కలిసి మొదలుపెట్టి అందులో కూరుకుపోయింది. పొద్దున్నుంచి రాత్రి దాకా అదే పని. ఇంట్లోంచి కదలడం తగ్గింది, నటన వెనకబడింది. దాన్ని ఆమె వ్యసనం అనే అంటుంది, నవ్వించే వ్యసనమైనా వ్యసనమేనని.

ఇది చదువుతుంటే నాకు గేము మీద కోపం రాలేదు, అనుమానం తీరింది. మంచి ర్యాంకుతో ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలు రెండో ఏడాదిలో ఫోన్ గేముల్లో పడిపోయారని తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చి మొత్తుకునేవారు. అంత బాగా చదివేవాడు ఇలా ఎందుకయ్యాడని. అంత బాగా చదివినవాడు కాబట్టే అయ్యాడు. ఇంటర్‌లో వాడికి వారానికో టెస్టు, టెస్టుకో ర్యాంకు ఉండేవి. ఇవాళ కష్టపడితే సోమవారానికి ఫలితం గోడ మీద కనిపించేది. కాలేజీ మారాక ఆ గోడ పోయింది. గేములో మళ్లీ దొరికింది. చెయ్యి కదిపితే చాలు, అంకె పెరుగుతుంది. రేపు ఏం చెయ్యాలో ఆటే చెబుతుంది. మార్కుల చదువూ, మెట్ల ఆటా ఒకే ఫ్యాక్టరీలో తయారైనవే. ఫెలీషియా ఈ మాట ఇలా అనదు. కానీ 4.0 కోసం పడిన పాట్లనూ, 60వ మెట్టు కోసం పడిన పాట్లనూ ఒకే గొంతుతో చెబుతుంది. లెక్కల మాస్టారికి ఆ మాత్రం ఆధారం చాలు.

ఎవరూ దిద్దని పేపరు

ఆ గోతిలోంచి ఎలా బయటపడింది అన్నది పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం. దైవదర్శనం ఏమీ జరగలేదు. ఆమెకు తోటి ఆడవాళ్ల చిన్న బృందం ఉండేది. క్రమం తప్పకుండా కలిసి, ఎవరేం చేయదలచుకున్నారో, పోయినసారి చెప్పింది ఎంతవరకు వచ్చిందో మాట్లాడుకునేవారు. ఫెలీషియా తన గేము పిచ్చి మీదనే ఒక కామెడీ స్క్రిప్టు రాస్తానంది. మళ్లీ కలిసినప్పుడల్లా వాళ్లు అడిగారు. ఆ అడగడం తట్టుకోలేక రాసింది. ఆరుగురు ఆటగాళ్లు, ఒకే గిల్డ్, తెర మీద తప్ప మొహామొహాలు చూసుకోని మనుషులు. అదే ‘ద గిల్డ్’.

టీవీకి పనికొస్తుందనుకుని రాసింది. గేములు ఆడేవాళ్లకు తప్ప ఎవరికీ ఎక్కదన్నారు. ఆ బృందంలోని కిమ్ ఈవీ అప్పటికే నెట్‌లో వీడియోలు చేసి ఉంది. టీవీని పక్కనపెట్టి యూట్యూబ్‌లో పెడదామంది. అది ఏ కాలమో గుర్తుంచుకోవాలి. యూట్యూబ్ మొదలైందే 2005లో. గూగుల్ దాన్ని 165 కోట్ల డాలర్లకు కొన్నది 2006లో. నటులూ స్క్రిప్టూ ఉన్న సీరియల్‌ను అందులో చూడొచ్చని ఊహించినవాళ్లు తక్కువ. ఇళ్లలోనే కెమెరా పెట్టారు. సొంత డబ్బుతో మొదటి మూడు భాగాలు తీశారు. మొదటిది 2007 జులైలో పైకెళ్లింది. ఒక్కో భాగం కొద్ది నిమిషాలే.

డబ్బులైపోయాక ఏం చేశారన్నది నేటి వీడియో పిల్లలంతా చదవాల్సిన పాఠం. చూసినవాళ్లనే అడిగారు. పేపాల్ ద్వారా చందాలు వచ్చాయి, మొదటి సీజన్ పూర్తయింది. తర్వాత పెద్ద సంస్థలు వచ్చాయి, హక్కులు మాకివ్వండి అన్నాయి. ఇవ్వనంది. చివరికి మైక్రోసాఫ్ట్‌తో కుదిరిన ఒప్పందంలో రెండో సీజన్ ముందుగా వాళ్ల గేము యంత్రం ఎక్స్‌బాక్స్‌లో వచ్చింది, కథా పాత్రలూ మాత్రం ఆమెవే. 2013 దాకా ఆరు సీజన్లు నడిచింది.

ఈ సీరియల్‌లో మనవాళ్లకు చుట్టరికం కలిసే పాత్ర ఒకటుంది, జాబూ. వేసింది భారతీయ సంతతి నటుడు సందీప్ పారిఖ్. జాబూ ఒకరోజు చెప్పాపెట్టకుండా కథానాయిక గుమ్మంలో దిగుతాడు. వాడి వెనకే వాడి అమ్మ దిగుతుంది, కొడుకును ఒక్క క్షణం వదలని అమ్మ. గేములోని రాక్షసులతో పోరాడే జట్టంతా ఆవిడ ముందు కుదేలవుతుంది. అమెరికన్లు దాన్ని కామెడీ అనుకుని నవ్వారు. మా శిష్యుడైతే, “డాక్యుమెంటరీ మాస్టారూ” అన్నాడు.

రాసిందీ, నటించిందీ, నిర్మించిందీ, డబ్బు లెక్కలు చూసిందీ, హక్కులు పోకుండా కాపాడుకుందీ ఒకే ఆడమనిషి. మనకు వెంటనే భానుమతి గారు గుర్తొస్తారు. భర్త రామకృష్ణ గారితో కలిసి భరణీ పిక్చర్స్ పెట్టారు. 1953లో ‘చండీరాణి’కి తెలుగు, తమిళం, హిందీ మూడింటా తానే దర్శకత్వం వహించారు. ‘అత్తగారి కథలు’ రాశారు. ‘నాలో నేను’ పేరుతో ఆత్మకథ కూడా రాసుకున్నారు. తేడా ఎక్కడంటే, భానుమతి గారి ఆత్మవిశ్వాసం లోకప్రసిద్ధం. ఫెలీషియా ప్రతి పేజీలోనూ తనను తాను సందేహిస్తూనే ఉంటుంది. అంత సందేహంతోనూ అంత పనీ చేయొచ్చన్నమాట. భయపడే పిల్లలకు ఆ రెండో ఉదాహరణ కూడా అవసరమే.

మళ్లీ అంకె వచ్చింది

కథ ఇక్కడితో అయిపోతే అది విజయగాథ. అవలేదు. 2012లో ఆమె ‘గీక్ అండ్ సండ్రీ’ అనే యూట్యూబ్ ఛానెల్ పెట్టింది. సొంత కార్యక్రమాలు తయారుచేయించడానికి గూగుల్ అప్పట్లో 10 కోట్ల డాలర్లు కేటాయించి చాలామందికి పంచింది, అందులో ఇదొకటి. ఒక్కసారిగా బోలెడు కార్యక్రమాలు, సిబ్బంది, గడువులు. ఎంతమంది చూశారు, ఎంతసేపు చూశారు, ఎంతమంది చేరారు అన్న లెక్కలు రోజూ తెర మీద. అంటే జీపీఏ మళ్లీ వచ్చింది. ఈసారి ఏడాదికి రెండుసార్లు కాదు, గంటగంటకూ.

ఆమె కుంగిపోయింది. ఆందోళన, దిగులు, నిద్రలేమి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం. పైకి మాత్రం అందరూ మెచ్చుకునే విజేత. ఈ అధ్యాయాల్లో జోకులు తగ్గుతాయి, అది మంచిదే. చివరికి సాయం అడిగింది, వైద్యుల దగ్గరకు వెళ్లింది. ఛానెల్‌ను 2014లో లెజెండరీ సంస్థ కొనుక్కుంది. మన దగ్గర ఇలాంటి స్థితిలో ఉన్న పిల్లలను ‘బాగానే చదువుతున్నాడుగా, వీడికేం దిగులు’ అని వదిలేస్తాం. మార్కులు బాగుండటం మనసు బాగుందనడానికి రుజువు కాదు. మన దేశంలో మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీమానస్ ఉంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. ఇంటర్ పిల్లలున్న ఇళ్లలో ఆ నంబరు గోడ మీద రాసి ఉంచుకోవచ్చు.

ఆ తర్వాతి అధ్యాయం ఇంకా చేదు. 2014లో అమెరికాలో గేముల లోకంలోని ఆడవాళ్ల మీద ‘గేమర్‌గేట్’ పేరుతో పెద్ద వేధింపు నడిచింది. బెదిరింపులకు కొందరు ఇళ్లు వదిలి పోవాల్సివచ్చింది. ఫెలీషియా చాలా రోజులు నోరు విప్పలేదు. అక్టోబరులో ఒక వ్యాసం రాసింది. గేము బొమ్మల బట్టలేసుకున్న కుర్రాళ్లు కనిపిస్తే ఎప్పుడైనా నవ్వుతూ పలకరించే తాను, మొదటిసారి వాళ్లను చూసి భయపడి రోడ్డు దాటి అవతలికి వెళ్లానని. అంతే రాసింది. గంట తిరక్కుండానే ఆమె ఇంటి చిరునామా ఎవరో నెట్‌లో పెట్టేశారు. అదే రోజుల్లో క్రిస్ క్లూయీ అనే మాజీ ఫుట్‌బాల్ ఆటగాడు అదే మూకను బూతులతో ఏకిపారేశాడు. అతని చిరునామా జోలికి ఎవరూ పోలేదు. తేడా ఏమిటో అతనే బాహాటంగా ఎత్తిచూపాడు.

మా తమ్ముడి కూతురు విశాఖలో ఉంటుంది. యూట్యూబ్‌లో ఫిజిక్స్ పాఠాలు చెబుతుంది. భ్రమణ చలనం మీద ఆ పిల్ల చెప్పినంత తేటగా చెప్పే లెక్చరర్లను నేను తక్కువమందినే చూశాను. పాఠం కింద వ్యాఖ్యలు చదివితే సగం ఆమె జడ గురించి, గొంతు గురించి, పెళ్లి గురించి. “మరి తీసేయలేవా అమ్మా?” అంటే, “తీసేస్తూ కూర్చుంటే పాఠం ఎప్పుడు చెప్పను పెదనాన్నా?” అంది. ఆ అధ్యాయం దానికి ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఆగి, ఆవిడ ఆ తర్వాత వీడియోలు మానేసిందా అని అడిగింది. మానలేదు, పుస్తకం కూడా రాసిందిగా అన్నాను.

నచ్చనివీ ఉన్నాయి

పుస్తకానికి లోపాలు లేకపోలేదు. ఒక్క పేరా సూటిగా సాగదు, ప్రతి మూడో వాక్యానికీ ఒక చమత్కారం. పెద్ద అక్షరాల్లో అరుపులు, ఆశ్చర్యార్థకాలు. మాటల్లో నవ్వించేవాళ్లకు కాగితం మీద కూడా శ్రోత మొహం కనిపిస్తుందేమో, అతను విసుక్కునేలోపు ఇంకో జోకు వేయాలన్న తొందర. గేముల పేర్లు తెలియనివాళ్లకు కొన్ని పేజీలు ఎడారి. తల్లిదండ్రుల గురించి మాట్లాడాల్సిన చోట చప్పున పక్కకు తప్పుకుంటుంది. బతికున్న మనుషుల గురించి రాయడంలో ఆ ఇబ్బంది ఎవరికైనా తప్పదనుకోండి.

అయినా ఇలాంటి పుస్తకం తెలుగులో లేదన్న లోటు మాత్రం చదివినంతసేపూ తెలుస్తూనే ఉంది. మన వీడియోల వాళ్లకు కథలు తక్కువా? మా గుంటూరు జిల్లా గుడివాడ గ్రామంలో మస్తానమ్మ గారు నూరేళ్లు దాటిన వయసులో కట్టెలపొయ్యి ముందు కూర్చుని, పుచ్చకాయలో కోడికూర వండి ప్రపంచానికి చూపించారు. మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి తీసిన వీడియోలవి. 2018 డిసెంబరులో ఆవిడ కన్నుమూశారు. వంటలు మిగిలాయి గానీ, ఆ నూరేళ్ల బతుకును కూర్చోబెట్టి చెప్పించి రాసుకున్న పుస్తకమేదీ నా కంటపడలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో ‘మై విలేజ్ షో’ గంగవ్వ గారున్నారు. పొలం పనుల నుంచి కెమెరా ముందుకు, అక్కడి నుంచి బిగ్ బాస్ ఇంటికి వెళ్లొచ్చిన మనిషి. ఆవిడ యాసలో ఆవిడ కథ అచ్చులో వస్తే ఏ సాహిత్య అకాడమీ పుస్తకానికీ తీసిపోదు. వీడియో అప్పటికప్పుడు నవ్వించి వెళ్లిపోతుంది. ఆ నవ్వు వెనక డబ్బెలా వచ్చింది, ఎవరు వెక్కిరించారు, ఏ రోజు మానేద్దామనుకున్నారు అన్నవి పుస్తకంలోనే నిలుస్తాయి.

శనివారం అడిగేవాళ్లు

అంత దూరాన ఉన్న మనిషి కథ ఇంత దగ్గరగా ఎందుకు తగిలిందని నాలో నేనే తర్కించుకున్నాను. అంకెల పిచ్చి ఇద్దరికీ తెలుసు కాబట్టి అనుకోవచ్చు. నిజానికి అంతకన్నా నన్ను పట్టింది ఆ ఆడవాళ్ల బృందం. ఆమె చేత 4.0 సాధింపజేసింది భయం. ‘ద గిల్డ్’ రాయించింది మాత్రం భయం కాదు, మళ్లీ కలిసినప్పుడు ఎంతవరకు వచ్చిందని అడిగే కొద్దిమంది. వాళ్లు మార్కులు వేయలేదు, తర్వాతి పేజీ కోసం అడిగారు. పరీక్షలు దిద్దేవాడికీ, తర్వాతి పేజీ కోసం ఎదురుచూసేవాడికీ చాలా తేడా ఉంది. మన పిల్లలకు మొదటి రకం మనుషులు లెక్కకు మించి ఉన్నారు. రెండో రకం మనుషులు ఎంతమంది ఉన్నారో ప్రతి ఇంట్లోనూ ఒకసారి వేళ్లు మడిచి చూసుకోవాలి.

నేను మాత్రం ఆ బృందం ఆలోచనను కాపీ కొట్టేశాను. లెక్కలంటే భయపడే పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఇప్పుడు శనివారం సాయంత్రాలు మా వీధిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి అరుగు మీద నలుగురం చేరుతున్నాం. ఒకాయన రైల్వేలో పనిచేసిన రోజులు రాస్తున్నారు, ఒకావిడ తమ అత్తగారి పాటలు సేకరిస్తున్నారు. తెలుగు మాస్టారు ఏమీ రాయరు గానీ అందరినీ అడుగుతారు. ఈ వ్యాసం కూడా అక్కడ చదివిందే. అంతా విని ఆయన, “బాగానే ఉంది గానీ, ఆ అరవయ్యో మెట్టు గోలేమిటో నాకు ఎక్కలేదయ్యా” అన్నారు. ఆ పేరా తిరగరాశాను. ఇప్పటికీ ఎక్కకపోతే వచ్చే శనివారం చెబుతారు.